ఉప్పు తిన్న ఎరువు

అలప్పుళలో ఒక బడి పెరడు. పిల్లలు వెళ్ళిపోయాక అందరూ ‘మాష్’ అని పిలిచే సైన్సు మాస్టారు ఎరువుగుంట ముందు గొంతుక్కూర్చున్నారు. పక్కనే గొడుగుతో మలయాళం టీచర్.

“టీచరే, ఇన్ని వారాలైనా ఒక్క అరటితొక్కయినా కుళ్ళలేదు. రేపు పిల్లల అమ్మానాన్నలొచ్చి చూస్తారు. గుంటలో వేడి లేదు, నా గుండెలో దడ.”

“ఈ తెల్లటి పొరేంటి మాషే?”

“సున్నమేమో.”

“ఉప్పు. మొన్న మీ క్లాసు పిల్ల ఫిదా ఉప్పు పొట్లం తెస్తుంటే అడిగాను. గుంటలో వెయ్యమని మాష్ చెప్పారంది.”

“నేనెందుకు చెబుతాను? ఉప్పు పడితే కుళ్ళదు. ఈ ఎరువు పాదుల్లో వేస్తే పిల్లలు పెంచే పొట్లతీగలు చస్తాయి.”

“మరి ఎరువు గురించి ఏం చెప్పారు?”

“పొరమీద పొర వేసి, మూతపెట్టి, ఓపిక పట్టమన్నాను. అచ్చం అమ్మమ్మ ఉప్పుమామిడికాయల జాడీలాగా అని...”

మాష్ ఆ తెల్లటి పొరను వేలితో గీసి చూశారు.

“ఉప్పెయ్యకపోతే ఏ అమ్మమ్మ ఊరుకుంటుంది, ఏ కాయ ఊరుతుంది?”

“రేపు అందరి ముందూ నవ్వులపాలవుతాను టీచరే.”

“మీరు కాకపోతే, పొట్లాలు మోసిన పిల్లలవుతారు.”

ఆయన లేచి చొక్కా చేతులు పైకి మడిచారు.

“పార ఎక్కడుంది? కొత్త గుంట తవ్వుతాను. రేపు తప్పు నాదని చెప్పి, మొదటి పొర పిల్లలచేతే వేయిస్తాను.”

“ఈసారి దేంతో పోలుస్తారు?”

“దేంతోనూ కాదు. కుళ్ళాలనే చెబుతాను.”