బండ మీద పసుపు పువ్వు

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరి మాటకీ మధ్యలో అడ్డురాను. అసలు ఎవర్నీ మొదలుపెట్టనివ్వనుగా! పగలంతా వాచీల కొట్లో ఒంటరిగా కూర్చుంటానేమో, ఆ గుణమంతా సాయంత్రం టీకొట్టు దగ్గరే బయటపడుతుంది.

ఆ రోజు మాత్రం పనుండే మాట్లాడాను. ఆదివారం మా వీధి కొట్లవాళ్ళందరం కొండెక్కుతున్నాం. ముందు నడిచేవాడి మెడలో విజిల్ ఉంటుంది. ఎవరికివ్వాలో తేలక అది టీగ్లాసుల మధ్య పడుంది. నాకది కావాలి.

"పోయిన వారం ఒక్కణ్ణే వెళ్ళొచ్చాలే," అన్నాను, అదేం పెద్ద సంగతి కానట్టు. "మొదటి మలుపులోనే పువ్వులు, నీలంవి, తెల్లవి, కాలుపెట్ట సందులేదు, చెప్పులు చేత్తో పట్టుకుని రాయి మీంచి రాయి మీదికి గెంతుకుంటూ పోయానా, అందులో ఏనుగంత రాయొకటి నా కాలు పడగానే ఊగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డావు," అన్నాడు బావమరిది.

"రాయి పడింది! దొర్లుకుంటూ మీదికొస్తుంటే ఒంటిచేత్తో ఆపి, 'ఉండు' అన్నాను. ఉంది. ఇప్పటికీ ఉంది, పోయి చూసుకో."

"మొన్న సీసా మూత రాక మా అక్కకిచ్చావు కదా బావా?"

"మూత వేరు, కొండ వేరు. అక్కణ్ణుంచి నిలువు చరియ. ఎక్కేసరికి మబ్బులు నా మోకాళ్ళ దాకా వచ్చాయి. ఓ గద్ద ఎగరలేక రొప్పుతూ నా భుజమ్మీద వాలితే, పాపం, దాన్నీ మోసుకుని శిఖరం మీద దింపాను. అసలు వింత అక్కడుంది! నున్నటి బండ. మట్టి లేదు, ఆకు లేదు, కాడ లేదు. దాని మీద అరచెయ్యంత పసుపు పువ్వు!"

టీ వడపోస్తున్న టీకొట్టు అక్కయ్య చెయ్యి ఆగింది. "వాసనుందా తమ్ముడూ?"

"తల తిరిగిపోయేంత! తాకితే పుప్పొడి అంటుకుంది. సబ్బుకి కూడా లొంగలేదు. ఇదిగో, చూడండి!"

అందరూ నా బొటనవేలి మీదికి వంగారు. గోటి చుట్టూ నిజంగానే పసుపు. నా రెండో చెయ్యి మెల్లగా విజిల్ వైపు జరిగింది.

చివరి బల్ల మీంచి బోర్డులు రాసే పెయింటరు పెద్దాయన లేచొచ్చాడు. నా వేలు పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"అయిదో మలుపులో నా బాణం గుర్తు అలికేసింది నువ్వా నాయనా?"

నేను టీ తాగాను. గ్లాసులో టీ లేదు.

"ఎవరూ దారి తప్పకూడదని రాళ్ళ మీద పసుపు రంగుతో బాణాలు వేస్తున్నా. అయిదో మలుపులో డబ్బా ఒలికి బండంతా పాడైంది. ఆ పైన ఇంకా చుక్క కూడా వెయ్యలేదు." వేలు వదిలాడు. "ఆరకముందే కెలికావు. బాణం దారి వదిలి పక్కకి తిరిగింది. మొన్న ఎవరో ఇద్దరు ముళ్ళపొదల్లోకి పోయారట."

"అందులో ఒకణ్ణి నేనే," అని బావమరిది చొక్కా చేతులు పైకి మడిచాడు. రెండు మోచేతులూ గీరుకుపోయి ఉన్నాయి.

ఆదివారం విజిల్ పెద్దాయన మెడలో, రంగు డబ్బా నా చేతిలో. ఆరో మలుపులో రాళ్ళ సందుల్లోంచి బుల్లి ఊదాపువ్వులు తొంగిచూస్తున్నాయి. "వీటి పేరేంటి తమ్ముడూ?" అంది అక్కయ్య.

అప్పటికప్పుడు ఒక పేరు చెప్పాను. రెండో పేరు కూడా చెప్పాను.

తెలీదు అనడం నాకింకా రాలేదు.