ఆసుపత్రి దారిలో ఒక్క పాట

హలో… ఆ, నేనే. ఒరే తెప్పేయ్, మీ మావయ్యనిరా… గొంతు అలాగే ఉంది మరి. కప్ప ఫోన్ చేసిందనుకున్నావా.

…లేదు, ఆసుపత్రికి ఇంకా చేరలేదు. కంగారుపడకు. చీకటి పడేలోపు వచ్చి చేరమన్నారు. కోత, అదే ఆపరేషను, రేపు పొద్దున.

…ఎక్కడున్నానంటే… నవ్వనని ముందు మాటివ్వు. …కరోకే దుకాణంలో.

…ఆ, నేనే. తాగలేదురా, పట్టపగలు.

మీ అత్త తీసుకొచ్చింది. యైజు స్టేషన్లో బస్సు దిగి ఆసుపత్రి వైపు తిరుగుతామనుకుంటే, చెయ్యి పట్టుకుని ఇటు లాక్కొచ్చేసింది. పాడుకునే గది కూడా తనే తీసుకుంది. సోఫా మీద నా పైజమాల సంచీ, ఆసుపత్రి చెప్పులు, పళ్ళ బ్రష్షు… వాటి పక్కన దుకాణం వాళ్ళ టాంబూరిన్, ఆ గలగలలాడే డప్పు. చూస్తే నవ్వొస్తుంది నీకు. నాకు రాలేదు.

…ఎందుకేంటి. "రేపటితో నీ గొంతు తీసేస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నాకు ఒక్క పాట పాడలేదు నువ్వు. ఇవాళ పాడు" అంది. అంతే. ఏడవను కూడా ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి కూసి తప్పించుకునేవాణ్ణి.

…పాడానా? అదే చెప్తున్నా. ఆవిడే ఏదో పాట ఎక్కించింది. సంగీతం మొదలైంది. తెర మీద అక్షరాలొచ్చి నిలబడ్డాయి, ఇంక రంగు మారగానే పాడడమే తరువాయి. నా చెయ్యి దానంతటదే వెళ్ళి… ఆపే బొత్తాం నొక్కేసింది.

…ఆ, అదే. మీరు పాడుతుంటే ఏడిపించడానికి నొక్కుతానే, అదే.

"అయ్యో, మిషను చచ్చింది" అన్నా. మీ అత్త నవ్వలేదు. ఒంటికెళ్ళొస్తానని చెప్పి బయటికొచ్చేశా. ఇదిగో, ఈ సోడాల మిషను పక్కన నక్కి నిలబడ్డా. పక్క గదిలో ముసలమ్మలు గుంపుగా పాటలు దంచేస్తున్నారు. విన్నావా? …వాళ్ళకి భయం లేదు, సిగ్గూ లేదు. అదృష్టవంతులు.

…రేవులో చేపల వేలం అరవడం వేరురా. అక్కడ నా ముందుండేది చచ్చిన ట్యూనా చేప. చుట్టూ కొనేవాళ్ళు. ఎంత గట్టిగా అరిస్తే అంత మొగాణ్ణి. ఇక్కడ ఒక్కతే కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఏ ట్యూనా నన్నలా చూళ్ళేదు.

…భయమా? నాకా?

…ఆ. ఉందిరా.

…కోతకి కాదు. అంటే, కోతకి కూడా. కానీ దానికి మత్తిస్తారు, వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు. ఇదైతే మెలకువగా ఉండి చెయ్యాలి కదా.

…అందుకే నీకు చేశా. మన వంశంలో పాటంటే నీ అంత భయపడే మొగాడు ఇంకోడు లేడు. …ఆగరా, పొగుడుతున్నా. నువ్వు ఒక్కడివే గది తీసుకుని, తలుపేసుకుని ప్రాక్టీసు చేస్తావట కదా. మా అక్క చెప్పింది.

…రహస్యమా? మీ అమ్మకి తెలిసింది రహస్యమెలా అవుతుందిరా, రేవులో పిల్లులక్కూడా తెలుసు.

పెట్టెయ్యకు. పెట్టెయ్యకురా. తెప్పేయ్… నిజంగా అడుగుతున్నా. గొంతు లేనోడు, ధైర్యం లేనోడు పాడగలిగే పాట ఒకటి చెప్పు.

…అవే అనుకున్నా, మా వయసోళ్ళ పాటలు. సముద్రం, మంచు, సారా కొట్టు… ఎందుకొద్దు? …ఓహో. సాగదీసి గొంతు వణికించాలి. నిజమేలే. నాకు గొంతు తప్ప మిగతావన్నీ వణుకుతున్నాయి.

…కుర్రాళ్ళ పాటా? కళ్ళ మీద జుట్టేసుకుంటారే, వాళ్ళదా? వాళ్ళు మరీ పైకెక్కి కూస్తారు కదరా. …ఎక్కనోళ్ళూ ఉన్నారా. …ఊఁ. …ఊఁ. నెమ్మదిగా ఉంటుంది… మాట్లాడినట్టే పాడొచ్చు… మధ్యలో ఊపిరి తీసుకోడానికి చోటుంది. ఏ పాటది?

…ఆ, తెలుసు. సూపర్‌మార్కెట్లో ముల్లంగి దగ్గర నిలబడితే అదే మోగుతుంటుంది. వానొస్తోందని మొగుడు పరిగెత్తుకెళ్ళి ఆరేసిన బట్టలు లోపలికి తెస్తాడు. అదే కదా? …తెచ్చి ఏం చేస్తాడు? …మడతపెడతాడా. ఇంకేం జరగదా. …అది పాటెలా అయిందిరా.

…సరేలే. సరే. నాకది చాలు.

…కీ అంటే శ్రుతా, అది దించాలా? ఎంత? …నాలుగో, ఐదో మెట్లు. పాడినదానికి మార్కులేసేది తీసెయ్యాలి. …అవునవును, ఆ దెయ్యం నాకు సున్నా వేసి ఊరుకోదు, ఏ మాట దగ్గర తప్పానో బొమ్మ గీసి మరీ చూపిస్తుంది.

ఆగు. మా గదిలో ఫోన్ మోగుతోంది, తలుపు సందులోంచి వినిపిస్తోంది. కౌంటరు వాళ్ళది. ఇంక పది నిమిషాలే, టైం పెంచమంటారా అని అడుగుతారు కదా… వద్దంటోంది మీ అత్త. ఆసుపత్రికి వెళ్ళాలి అని చెప్తోంది. ఎంత మామూలుగా చెప్తోందో, కూరలకి వెళ్ళాలి అన్నట్టు.

…తెప్పేయ్.

…ఉన్నా. ఉన్నానురా, మీ అత్తని చూస్తున్నా.

…ఏం లేదు. ఇన్నాళ్ళూ పాడలేదు కాబట్టి… ఇంకా ఏదో మిగిలే ఉన్నట్టుంది. పాడేశాననుకో, అదీ అయిపోయినట్టే. రేపు వాళ్ళు ఖాళీ పెట్టె తీసుకెళ్తారు.

…నువ్వేం అనక్కర్లేదు. నేను కూడా ఎందుకన్నానో.

ఒరే, ఒక పన్జేద్దామా. నువ్వు పాడు. …వినవయ్యా ముందు. ఫోన్ చొక్కా జేబులో పెడతా, స్పీకరు పెట్టి. మైకు ఛాతీ దగ్గర పట్టుకుంటా. నువ్వు పాడు, నేను పెదాలు కదుపుతా. మీ అత్తకి కళ్ళజోడు ఉంటే గానీ దూరానిది కనపడదు, అది సంచీలో అడుగునుంది. …మోసమేముందిరా ఇందులో. ఆవిడకి పాట కావాలి, పాట వస్తుంది.

…నీ గొంతు మంచిది. నేనెప్పుడు బాగాలేదన్నా? …అన్నానా. అప్పుడు అన్నదాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా, నోటితో సహా. పాడతావా లేదా?

…ఏడుస్తున్నావేంట్రా. ఏడుస్తూ పాడకు, దొరికిపోతాం. ముక్కు చీదుకో. …ఆ. మంచివాడివి. వెళ్తున్నా. స్పీకరు పెట్టా. నేను దగ్గితే మొదలెట్టు. అందాకా చప్పుడు చెయ్యకు.

— వచ్చా వచ్చా. ఆ దొడ్డి దగ్గర పెద్ద వరస. …ఎవరితోనూ మాట్లాడట్లేదు, ఊరికే గొణుక్కుంటున్నా. ఏమే ఫుసాయే, నేనే చెప్తా పాట. ఆ వాన, బట్టలు… ముల్లంగి దగ్గర మోగేది. …ఆ, అదే. నవ్వుతావేం. …ఎక్కించు.

— మార్కులు తీసెయ్. …తీసేశావా. కీ కూడా కొంచెం… ఏం నొక్కుతున్నావు? …ఐదు మెట్లు దించావేం? ఎవరు చెప్పారు నీకు?

— …నేను స్నానాల గదిలో పాడతానా.

— తొట్టిలో కూర్చుని గొణిగేది పాటెలా అవుతుంది. తలుపేసే ఉంటుంది కదా. …రోజూనా? …బట్టలు మడతపెడుతూ. ఆ తలుపు బయట కూర్చుని విన్నావా. …ఎప్పట్నుంచి?

— …చెప్పొచ్చు కదా. …చెప్తే మానేసేవాణ్ణి. అవును. మానేసేవాణ్ణే.

తెప్పేయ్. …నీకే, ఇంక దాచేదేముంది. వద్దులే, నువ్వు పాడకు. …ఆవిడకి నా గొంతు తెలుసురా. ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుసు. నువ్వు పాడితే మొదటి మాటకే పట్టేస్తుంది.

…ధైర్యమా? అదొచ్చేదాకా ఉంటే పది నిమిషాలూ అయిపోతాయి.

…ఫోన్ బల్ల మీద పెడుతున్నా, కట్ చెయ్యను. వినాలనుంటే విను. నవ్వొస్తే నవ్వుకో, నాకు వినపడదు. రేపు మాత్రం నువ్వే మాట్లాడాలి, ఇద్దరి తరఫునా.

మొదలైంది. అక్షరాలొస్తున్నాయి.

— ఫుసాయే… ఇటు చూడకు.

— …సరే. చూడు.