ఎన్ని చుక్కలు?

మందుల దుకాణం కౌంటర్ వెనక అక్క చిన్న సీసా పట్టుకుని ఉంది. ఆ దుకాణం లేబుళ్లకు అక్షరాలు గీసిచ్చిన తమ్ముడు, ఇంత తొందరగా ఎందుకు రమ్మందో తెలియక ఎదురుగా నిలబడ్డాడు.

"నీ అక్షరాలు నా ప్రాణం తోడేస్తున్నాయిరా."

"మోతాదు కొట్టొచ్చినట్టు కనబడాలన్నది నువ్వే కదక్కా. అందుకే లావు చేశాను, పక్కకి వాల్చాను."

"కనబడుతోంది. ఏమిటన్నదే తెలియడం లేదు."

"అంకెలు ఒకదాని కింద ఒకటి వరస తప్పకూడదన్నదీ నువ్వే. సన్నటి ఒకటికీ, బొద్దు ఎనిమిదికీ ఒకే వెడల్పు గది ఇచ్చాను. ఆ కాస్త చోటులో లావూ వాలూ ఇరికించేసరికి మూడు నెలలు పట్టింది, తెలుసా."

"గీశాక ఎక్కడ చూసుకున్నావు?"

"కంప్యూటర్లో. ఒక్కో అంకె అరచెయ్యంత పెట్టి చూశాను. ముత్యాల్లా ఉన్నాయి."

"లేబుల్ మీద చూశావా?"

అక్క సీసా అతని చేతికిచ్చింది.

"ఇది చదువు. పసిపిల్ల మందు. ఎన్ని చుక్కలు?"

అతను సీసాను వెలుతురుకు తిప్పాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అంకెలో ఖాళీలన్నీ సిరాతో పూడిపోయి నల్లటి ముద్దలా ఉంది.

"ఎనిమిది."

"మూడు."

అతను సీసాను కౌంటర్ మీద పెట్టేశాడు.

"ఎవరికైనా ఇచ్చేశావా అక్కా?"

"ఇచ్చుంటే ఇలా నిలబడి మాట్లాడేదాన్నా? పొద్దున్నుంచి ఒక్కో సీసా మీదా చేత్తో రాస్తున్నాను. ఇంకా నలభై ఉన్నాయి. ఆ స్టూలు లాక్కో, ఈ పెన్ను పట్టు. లావుగా వద్దు, వాలుగా వద్దు. గుండ్రంగా రాయి."