కాయితం మీద ఇద్దరు టీచర్లు

హలో… ఆ, నేనేరా బాబ్జీ, అక్కని… ఇంట్లోంచి కాదు, బళ్ళోంచే. పిల్లలు అన్నాలు తింటున్నారు… లేదు లేదు, అమ్మ బాగానే ఉంది. ముందు నువ్వు ఆ ఆఫీసు గదిలోంచి బైటికి రా… వచ్చావా?

…మొన్న మా బడికి ఇన్‌స్పెక్షనుకొచ్చారు. మన డిపార్ట్‌మెంటు పెద్దాయనే వచ్చాడు. ఇంకో టీచర్ని ఇమ్మని కాయితం పెట్టాను కదా… అదే. ముప్పై నలుగురు పిల్లలు, అయిదు క్లాసులు, నేనొక్కదాన్ని. ఇంకొకరుంటే చాలు, పొద్దున్న రెండు గంటలు ఒకరం అందరికీ పాఠం చెప్తాం, ఇంకొకరం ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళకేం రాదో చూస్తాం అని…

…అరే, పహలే సున్ తో, ముందు విను! చదివాడు. బావుందన్నాడు. రిజిస్టరు తెమ్మన్నాడు. చూసి, "కనకలక్ష్మీ మేడమ్, ఆప్‌కే పాస్ తో దో టీచర్ హైఁ" అన్నాడు. ఇద్దరున్నారట! ఎవర్రా ఆ రెండోవాడు?

…నవ్వకు. ఒళ్ళు మండిపోతోంది నాకు.

…ఏం చెప్తాను? ఇవాళ సెలవా అని అడిగాడు. తలూపాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

…ఆర్డరుందా? మూణ్ణెల్లకి ఉంది. టైపు పనికని నిన్ను బళ్ళోంచి ఆఫీసుకి పంపింది మూణ్ణెల్లకే. అది అయిపోయి పధ్నాలుగు నెలలైంది. ఆ తర్వాతంతా మీ సారు నోటిమాటే. సుమకి నెలలు నిండాయక్కా అన్నావు, సరే అన్నాను. పిల్లకి టీకాలన్నావు, సరే. టౌన్లో ఆ హాడో క్వార్టరు చాలట్లేదు, టౌను పక్కన గరాచర్మలో ఇల్లు కడుతున్నానన్నావు, దానికీ సరేనన్నాను. నువ్విక్కడే పాఠాలు చెప్తున్నావని నెలనెలా రాసి కింద సంతకం పెట్టిందెవరు?… ఆఁ. నేనే.

…ఎవరికీ నష్టం లేదా? ఏట్రా ఆ మాట! భాను తెలుసా నీకు?… దానయ్య కూతురు. చేపల పడవ దానయ్య. నీకెలా తెలుస్తుందిలే. ఐదో క్లాసు. హిందీ పాఠం గలగలా చదువుతుందిరా, వేలు పెట్టి మరీ. ఎవరొచ్చినా దాన్నే లేపేదాన్ని. పోయిన నెల ఎందుకో పక్కన కూర్చోబెట్టుకున్నాను. చదువుతోంది. ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోయింది…

…ఆగలేదు. ఆగలేదురా అది! కొత్త పేజీ మీద వేలు జరుపుకుంటూ పాత పాఠమే చదువుకుంటూ పోయింది.

…ఒక్క ముక్క రాదు. పక్కపిల్లలు చదువుతుంటే విని బట్టీ పట్టేసింది. అయిదేళ్ళు! నా కళ్ళముందే! అది చూశాకే ఆ కాయితం రాశాను.

…ట్యూషనా? మూడింటి బస్సు తప్పితే దాని ఊరికి ఇంకో బస్సుందా? అయినా ఒక్క భాను అయితే ఎలాగోలా నేనే చూసుకుందును. తర్వాత అలాంటోళ్ళు ఇంకో ముగ్గురు తేలారు. మిగిలినోళ్ళలో ఎంతమందున్నారో నాకు తెలీదు. అదీ నా ఏడుపు. ఏప్రిల్లో భాను పెద్దబడికి పోతుంది. అక్కడ దాన్ని పక్కన కూర్చోబెట్టుకునేదెవరు?

…సరే, అయితే వస్తావా? వచ్చే సోమవారం… చూశావా. మళ్ళీ ఆ ఇల్లే అడ్డమంటున్నావు.

…అందుకే పొద్దున్న అంతా రాసి పంపించేశాను. …ఏటంటే? నువ్విక్కడ లేవని. ఆర్డరు అయిపోయినా పధ్నాలుగు నెలల్నుంచీ రాలేదని. ఉన్నావని అబద్ధం రాసింది నేనేనని. పెద్దాయనకి ఫోన్లో ఫోటో కొట్టి, కాయితం బస్సులో పంపాను.

…అరవకు, అక్కడందరూ వింటారు… తెలుసురా, మెమో ముందు నాకే వస్తుంది. ఇన్‌ఛార్జి తీసేస్తారో, ఇంకేం చేస్తారో. భయం లేదని చెప్పట్లేదు. రాస్తూ ఏడ్చాను కూడా.

…వెనక్కి తీసుకోను… తీసుకోనన్నానా! నీ పేరు ఇక్కడున్నంతకాలం ఇంకొకర్ని పంపరు. …సుమతో నేను మాట్లాడతాను… అమ్మకి చెప్తావా? చెప్పుకో.

…ఏటన్నావు?… మళ్ళీ అను.

…నువ్వసలు అక్కవేనా అంటావా?… అక్కనేరా. అక్కని కాబట్టే పధ్నాలుగు నెలలు పట్టింది. వేరేవాడైతే మొదటి నెల్లోనే రాసేసేదాన్ని. భానుకి ఈపాటికి చదవడం వచ్చేసుండేది…

…బాబ్జీ?… హలో… ఒరేయ్… హలో…

పెట్టేశాడు.