మా బావ ఆపిన ఉత్తరాలు

ఏంటమ్మాయ్, మీ తాతకి చేతులు వణికేవా అనా? ఎవరు చెప్పారు నీకు? ఓహో, పాత ఉత్తరాలన్నీ చదివావా. ఇంకేం, నీ ముందు పోసిందీ నేనే, ఎవర్ని తిట్టుకోను. కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు అలంకారానికుంది. ఇలా బల్ల పక్కకి రా. ఈ గడియారాల గోల పట్టించుకోకు, ఏ రెండూ ఒకే టైము చెప్పవు. అరవై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాడి ఇంట్లో టైమెంతో తెలియాలంటే పక్కింటివాళ్లని అడగాలి. మధ్యాహ్నమేలే. ఇంకా చాలా మధ్యాహ్నం ఉంది.

మీ తాత అంటే నాకు బావ, మా అక్కయ్య మొగుడు. కాలేజీ లైబ్రరీలో గుమాస్తా. నడిస్తే చెప్పుల చప్పుడు కూడా వచ్చేది కాదు, పుస్తకాలు నిద్రలేస్తాయని భయమేమో. లైబ్రరీ వెనక గదిలో, అట్టలూడిన పుస్తకాల మధ్య, కాలేజీవాళ్లు పారేసిన కంప్యూటరొకటి పెట్టుకుని గడియారాల మెకానిక్కుల మెయిలింగ్ లిస్టు నడిపేవాడు. నువ్విప్పుడు కొత్త మెషీన్లోకి మారుస్తున్నావే, అదే. నాకు మాత్రం ఆ రోజుల్లో ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఒక్క అడ్రసుకి ఉత్తరం రాస్తే నాలుగు వందల మందికీ చేరుతుందోయ్" అన్నాడు. "దానికి కంప్యూటరెందుకు బావా, మా అక్కయ్య చెవిలో చెబితే సరిపోదూ" అన్నాను. అక్కయ్య వంటింట్లోంచి వింది. వారం రోజులు నాకు కాఫీ లేదు. చిత్రమేంటంటే, ఆయనకి గడియారం పని ఒక్క ముక్క రాదు. మరెందుకయ్యా ఈ తద్దినం అంటే, "నీ పని తెలిసినవాడు ఈ ఊళ్లో ఇంకెవడున్నాడోయ్, ఆ ముల్లు తప్ప. ఎవరితో మాట్లాడతావు?" అనేవాడు. ముల్లంటే ఎదురు వీధిలో ఇంకో గడియారాలాయన. సన్నగా ఉండి, ఎప్పుడూ ఎవరో ఒకరి వైపు వేలు చూపిస్తుండేవాడు. పేరు మేమే పెట్టాం. మేమంటే నేనే.

ఆ సాఫ్ట్‌వేరు ఎవరి సొంతమూ కాదట. ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసి, లోపలిదంతా అందరికీ కనపడేట్టు విప్పి పెట్టారట, వెనక మూత తీసిన గడియారంలాగా. ఎక్కడైనా తేడా వస్తే మీ తాత వాళ్లకి రాసేవాడు, ఒక్కోసారి తనే సరిచేసి పంపేవాడు. ఇంట్లో కుళాయి మాత్రం మూడేళ్లు కారింది. "లోకానికంతా రిపేర్లు చేస్తారు, మన కుళాయి ఈ లోకంలో లేదు కాబోలు" అనేది అక్కయ్య. ఆయన నవ్వి, కుళాయి కింద పెద్ద బిందె పెట్టేవాడు. అదే ఆయన చేసిన రిపేరు.

మధ్యాహ్నాలు కొట్టు మూసి ఆ గదికి పోయేవాణ్ణి. ఫ్యాను గాలికి కాగితాలు ఊపిరి తీస్తున్నట్టు లేచి పడేవి. ఉత్తరాలొచ్చేవి. ఒకాయన ఎక్కడో గంటస్తంభం లోపల కూర్చుని రాసేవాడు, ముళ్లమీద పావురాలు వాలి టైము వెనకపడుతోందని. ఓడలో పనిచేసే ఆవిడ ఒకతె రాసేది, అక్కడ నడిసముద్రంలో గడియారాలన్నిటినీ మళ్లీ మళ్లీ జరపాలిట, నిన్నటి టైము ఇవాళ పనికిరాదట. బావ చదువుతుంటే నేను కళ్లు మూసుకునేవాణ్ణి. ఆ సముద్రం, ఆ పావురాలు అన్నీ వచ్చి పుస్తకాల వెనక నిలబడ్డట్టుండేది. ఇప్పటికీ ఒక్కోసారి ఆ పావురాలు నేను చూసినవేననిపిస్తుంది. తెల్లవి కాదు, బూడిద రంగువి. రంగు సంగతి ఆయన రాయలేదు మరి, నాకెలా తెలుసో.

ఏం చెబుతున్నాను? ఆఁ, చేతులు. వణికింది నా చేయమ్మా. మీ తాతది కాదు. యాభై ఆరో ఏట, కుడిచేయి. ఆవగింజంత చక్రం పట్టకారుతో ఎత్తితే ఎగిరి ఎటో పోయేది. నేలమీద పాకుతూ వెతుక్కునేవాణ్ణి. కొట్టుకొచ్చినవాళ్లు "ఏం పోయిందండీ" అంటే "పరువు" అనేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు. ముల్లుకి తెలిసిందంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, చేయి వణికేవాడికి గడియారం ఎవరిస్తారు? ఇంకో పని నాకు రాదు. రాత్రీపగలూ అదే దిగులు. నోటితో చెప్పలేక బావకొక్కడికే రాద్దామనుకున్నాను. కొట్టు పక్క ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, లిస్టులో ఆయన ఉత్తరమేదో తెరిచి, దానికే జవాబు నొక్కి, కడుపులో ఉన్నదంతా రాసి పంపేశాను. పంపాక చూద్దును కదా, జవాబు పోయేది బావకి కాదు, లిస్టుకి! నాలుగు వందల మందికి! అందులో ముల్లూ ఉన్నాడు!

చెప్పుల్లేకుండా లైబ్రరీకి పరిగెత్తాను. మీ తాత తాపీగా టీ ఊదుకుంటున్నాడు. "కంగారుపడకు, నీ ఉత్తరం ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఆగింది" అన్నాడు. ఎలా ఆగిందయ్యా అంటే, మెంబర్ల పేర్ల పక్కన చిన్న గడి ఉంటుంది కదా, అందులో టిక్కు పెడితే ఆ మనిషి రాసింది ముందు ఈయన చూసి వదలాలి, అప్పుడే మిగతావాళ్లకి పోతుంది. నాలుగు వందల మందిలో టిక్కు ఉన్నది ఒక్కడికే. నాకు! మొదట్నుంచీ! "నీ నోరు నాకు తెలుసు కదోయ్" అన్నాడు. మునిగేవాణ్ణి జుట్టు పట్టి లాగాడని సంతోషించాలా, జుట్టు పట్టాడని కోపం తెచ్చుకోవాలా? కోపమే తెచ్చుకున్నాను. నాకు అలవాటైన పని అదే.

మర్నాడు లిస్టులో ఉత్తరం. బావ పేరుమీద. "మిత్రులారా, కొంతకాలంగా నా కుడిచేయి వణుకుతోంది. పని మానుకోవడం నాకిష్టం లేదు. దారి చెప్పండి." అమ్మాయ్, మీ తాత జన్మలో పట్టకారు పట్టినవాడు కాదు. గోడగడియారానికి కీ ఇవ్వాలంటే అక్కయ్యని కేకేసేవాడు! నూట పన్నెండు జవాబులొచ్చాయి. మోచేతి కింద ఇసుకసంచి పెట్టుకోమని గంటస్తంభమాయన, బల్లని గుండెల ఎత్తుకి లేపమని ఇంకొకాయన, ఊపిరంతా వదిలేసి మళ్లీ పీల్చేలోపు చక్రం కూర్చోబెట్టమని ఓడావిడ. ముల్లు కూడా రాశాడు, "నాకూ ఎనిమిదేళ్లుగా వణుకుతోంది, దయచేసి ఎవరికీ చెప్పకండి" అని, బావకొక్కడికే అనుకుని, నాలుగు వందల మందికీ. వాడి పేరు పక్కన టిక్కు లేదు మరి. ఆ తర్వాత వాణ్ణి ఒక్క మాట అనలేకపోయాను, నాకదో నష్టం. బావ అన్నీ అచ్చు తీసి, నా బల్లమీద పెట్టి పోయాడు. బల్ల లేపాను. ఇరవై ఏళ్లు పనిచేశాను.

ఆయన పోయేనాటికి నువ్వింకా మీ అమ్మ కడుపులో. పాస్‌వర్డు చీటీ కంప్యూటరుకే అంటించి ఉంది, ఎంత రహస్యమో చూడు. కబురు నేనే రాశాను. అప్పుడొచ్చినవే నువ్వు చదివినవి. "ఆ వణికే చేతులతో ఎన్ని గడియారాలకి ప్రాణం పోశాడో మహానుభావుడు" అని. చదవలేకపోయాను. కూర్చుని రాశాను, "ఆ చేయి ఆయనది కాదు, నాది" అని. పంపాను. ఆగిపోయింది. టిక్కు తీసిందెవరు? "ఒక ఉత్తరం మీ అనుమతి కోసం ఎదురుచూస్తోంది" అని నాకే చెప్పింది మెషీను. రాసిందీ నేనే, వదలాల్సిందీ నేనే. వదిలితే బావ అబద్ధమాడినట్టు, వదలకపోతే నేను. రేపు చూద్దాంలే అనుకున్నాను. పంతొమ్మిదేళ్లయింది.

ఏంటీ, అది తేలితే గానీ కొత్త మెషీన్లోకి మారదా? అందుకా ఇందాకట్నుంచీ కదలకుండా కూర్చున్నావు, నా ముచ్చట్లంటే మోజనుకున్నాను. ఎంతమంది మిగిలారు? అరవై ఒక్కరా. ఓడావిడ ఉందా? ఉందా! ఊఁ. ఏదీ, ఆ మౌసు ఇలా ఇయ్యి. నువ్వొద్దు, నేనే నొక్కాలి. ఎక్కడ, ఇక్కడా? బాణం నిలవడం లేదే. కాస్త పట్టుకో నా చేయి. గట్టిగా కాదు. ఆఁ... వెళ్లిందా? చప్పుడైనా రాలేదే.

మీ అమ్మ ఎన్నింటికి వస్తానంది?