ఎడమ చేతి మెలిక

ఇంగెలీసెను మట్టిచేసి వచ్చి రేవు పక్కన కాఫీ హోటల్లో కూర్చున్నాం. బయట ముసురు. దీవిలో ఉన్న ఒకే ఒక్క పూలకొట్టు ఆమె మొగుడు హోల్గర్‌ది. ఏడుస్తాడేమోనని మేం బెంగపడుతుంటే, కేకు ముక్క నోట్లో పెట్టుకుని గొప్పలు మొదలెట్టాడు. పోనీలే, అదే నయమనుకున్నాం.

"చూడండర్రా, పువ్వు పేరు ఎవడైనా చెబుతాడు. పొందిక చూసి ఏ చెయ్యి కట్టిందో చెప్పాలి, అదీ విద్య! పొద్దున చర్చిలో ఏం చేశానో తెలుసా? ఇంకా ఎవరూ రాలేదు, శవపెట్టె మీద పూలన్నీ ఒక్క చూపు చూశానా, ఆ నెలవంక వంపు బడివాళ్ళది, ఆ నిలువు త్రికోణం డాక్టరు భార్యది, కన్నీటిబొట్టులా పొడుగ్గా, పెట్టె మీద కుదురుగా పడుకునేలా వెనక చదునుగా కట్టింది చేపల సంఘంవాళ్ళది, పేర్లు రాసిన రిబ్బన్లు తిప్పి చూడకుండానే చెప్పేశా! వాటి మధ్య ఒకటి, గుండ్రటి గుత్తి! పెట్టె మీద గుండ్రటిది పెడతారటయ్యా, దొర్లిపోదూ? పైగా కాడల మెలిక ఎదురు తిరిగింది. పేరు కూడా లేదు. ఎవడో చేతకానివాడు. తీసుకెళ్ళి గుమ్మం పక్కన గొడుగుల తొట్టిలో పడేశా. నా ఇంగెలీసె మీద అలాంటిది ఉండనిస్తానా?"

కాఫీ పోస్తున్న బోదిల్ చెయ్యి ఆగిపోయింది. ఆమె ఇంగెలీసె చెల్లెలు. "గొడుగుల్లోనా? బావా, ఒక్కమాట..."

"ఆగవమ్మా, ఇప్పుడే కదా మొదలెట్టాను! ఇదేం చూశారు, ఒకసారి చెయ్యి చాస్తే చెయ్యి కనపడని మంచు, ఓడలో చావుదండ ఒకటి వస్తోంది, నేను రేవులో నుంచునే ఓడ ఎటు ఒరిగిందో చూసి, 'ఇది అవతలి ఒడ్డు లౌరిడ్స్ కట్టిన దండ, అడుగున బరువుకి వేసే నాచు తక్కువేశాడు' అన్నా. దింపి చూస్తే అంతే!"

"అంత మంచులో ఓడ ఎలా కనపడిందిరా?" అన్నాడు పక్కింటి ప్రెబెన్.

"అడ్డం రాకు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలివానకి స్మశానంలో దండలన్నీ గాల్లోకి లేచాయి. నేను వెల్లకిలా పడుకుని, ఎగిరేవాటిని ఎగిరినట్టే వంపు చూసి ఏది ఎవరి సమాధిదో చెప్పేస్తుంటే పాస్టరుగారు నోరు తెరుచుకుని నుంచున్నారు. స్వీడన్ నుంచి కొట్టుకొచ్చినవి కూడా ఉంటే, మర్యాదగా వాటిని వెనక్కి పంపించాం!"

"బావా, నా మాట కాస్త విను," అంది బోదిల్ మళ్ళీ.

రేవులో ఓడ కూత వేసింది. హోల్గర్ చెయ్యెత్తి ఆమెను ఆపి, కూతను మించి గొంతు పెంచాడు.

"ఓ ఆసామిని పూడుస్తున్నారు. దండ చూసి 'ఆపండి!' అన్నా. 'ఇది కట్టింది వీడి పెళ్ళాం, ముడులింత వదులుగా ఉన్నాయంటే వీడు పోలేదని ఆవిడకి లోలోపల తెలుసు, మూత తియ్యండి!' అన్నా. తీశారు. వాడు లేచి కూర్చుని, దండ చూసి, 'వంపు బాలేదే' అన్నాడు!"

ఎవరూ నవ్వలేదు. హోల్గర్ కప్పు పక్కకి జరిపాడు.

"నిన్న ఇంగెలీసె దండ నేనే కట్టాను," అన్నాడు. "ముడులు బిగిసిపోయాయి."

అంతలోనే ముక్కు తుడుచుకుని మళ్ళీ ఛాతీ విరిచాడు. "ఒకసారి ఎరిగిన చెయ్యి నేను మరిచిపోను. మా అబ్బాయి ఎస్బెన్ ఉన్నాడు చూడండి, ఇల్లొదిలి పోయి ఏళ్ళయింది, తల్లి చావుకైనా రాలేదు వెధవ. అయినా వాడు కట్టింది చీకట్లో చేతికిచ్చినా పోల్చేస్తా!"

బోదిల్ కాఫీ కూజా బల్ల మీద పెట్టేసింది. "వాడు ఏ చేత్తో కడతాడు బావా?"

"ఎడమ చేత్తో. మొండి ముండాకొడుకు, కొట్టి మరీ మాన్పిద్దామని చూశా..."

"ఎడమ చేత్తో కడితే కాడల మెలిక ఎటు తిరుగుతుంది?"

హోల్గర్ ఎడమ చెయ్యెత్తి, లేని కాడల్ని గాల్లో మెలిపెట్టబోయి ఆగాడు.

"పొద్దున తొలి ఓడకి వచ్చాడు," అంది బోదిల్. "అక్కకి గుండ్రటి గుత్తంటే ఇష్టం. చిన్నప్పుడు పుట్టినరోజుకి అదే కట్టిచ్చేవాడు కదా. పేరు రాసి పెట్టరా అన్నాను. 'ఎందుకు పిన్నీ, నాన్న చూడగానే పోల్చుకుంటాడు, అది అమ్మ మీద ఉండనిస్తే వచ్చి ఆయన పక్కన కూర్చుంటా' అన్నాడు. ప్రార్థనకి రాలేదేమా అనుకున్నా. గుమ్మం దగ్గరే, గొడుగుల్లో దాన్ని చూసుకుని ఉంటాడు."

హోల్గర్ కుర్చీ తోసుకుని లేచాడు. కోటు కోసం తడుముకుంటున్నాడు, అది కుర్చీ మీదే ఉన్నా దొరకడం లేదు.

"ఓడ... వెళ్ళిపోయిందా?"

ప్రెబెన్ కిటికీ వైపు చూశాడు. రేవు ఖాళీగా ఉంది.

"ఇందాకే కూసింది కదరా," అన్నాడు మెల్లగా. "నువ్వే కదా, దాన్ని మించి గొంతు పెంచావు."