పదిహేడు ఒకట్ల దిద్దుబాటు

1946 జూన్ 3, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు మన గణిత పట్టికల కార్యాలయంలో లెక్కల గుమాస్తాగా చేరిన అక్కగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. భాగహారంలో శేషం తేల్చనిదే కుర్చీలోంచి లేవరు గనుక వారిని అందరూ "శేషం అక్క" అనేవారు; అలా పిలిచినవారిలో సగం మంది నోట వెటకారమే ఉండేదన్న సంగతి ఈ అభినందన సంచికలో దాచనక్కరలేదు.

మొదటి పదేళ్లూ పెద్దలు చేసిన లెక్కలను వారు సరిచూశారు. 1956లో వారి దృష్టి మన కారణాంకాల పట్టికలోని 212వ పుటపై పడింది. పదిహేడు ఒకట్లు వరుసగా రాస్తే వచ్చే సంఖ్యకు ఎదురుగా "ప్రధాన సంఖ్య" అని ఉంది. అనగా ఒకటీ, తానూ తప్ప దానిని మరేదీ నిశ్శేషంగా భాగించదని. ఇందుకు ఆధారమేమిటని అడిగితే డైరెక్టరుగారు, "ఆ లెక్క చేసినవాళ్లు నీకంటే తక్కువ తిన్నారా? పోయి నీ పని చూసుకోమ్మా" అన్నారు.

వారు పని చూసుకున్నారు. దానిని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, ముప్పై నాలుగు గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉండాలని తేల్చుకుని, ముప్పై నాలుగేసి దాటుకుంటూ, మూడుతో, ఐదుతో, ఏడుతో పోయేవాటిని ముందే కొట్టివేస్తూ, భోజన విరామంలో పిడి ఉన్న లెక్కల యంత్రం చేత్తో తిప్పి, రోజుకు పది చొప్పున పదకొండేళ్లు భాగించారు. "అమ్మా, నీ ఒకట్ల కడుపు నిండిందా? ఇక మాకు పెట్టు" అని ఇంట్లో కూతురు ఆటపట్టించేదట.

1967లో ఒక మధ్యాహ్నం వారు అచ్చుగదికి వచ్చి, పల్లెటూరి బడిలో ఎక్కాలు నేర్చి, ఇక్కడ అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటర్ ఎదుట నిలబడ్డారు.

"తమ్ముడూ, శేషం లేదు."

"పిడి తిప్పడంలో ఎక్కడైనా తప్పిందేమో అక్కా."

"మూడుసార్లు తిప్పాను. నన్ను నమ్మకు. నువ్వే గుణించుకో."

అతడు ప్రూఫు కాగితం వెనక 2071723ను 5363222357తో గుణించాడు. అడుగున ఒకట్లు నిలబడ్డాయి. పదిహేడు. చేతుల సిరా కడుక్కుని వచ్చి మళ్లీ లెక్కపెట్టాడు. పదిహేడే.

అప్పుడు గానీ డైరెక్టరుగారు బీరువా తాళం తీసి పాత లెక్కల పుస్తకం చూపించలేదు. "మనవాళ్లు ఇరవై లక్షల దాకానే చూశారులే. విసుగొచ్చి ప్రధాన సంఖ్య అని రాసేశారు." దొరికిన కారణాంకం ఆ ఇరవై లక్షలకు డెబ్బై ఒక్క వేల పైచిలుకు దూరంలోనే ఉంది! ఆ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఐదు నెలల్లో తెమిలే పని అది. ఆ పుస్తకం అక్క కుర్చీకి పది అడుగుల దూరంలో ఉంది. తాళంచెవి ఉన్నవారు పదకొండేళ్లూ ఆ యంత్రం చప్పుడు వింటూనే భోంచేశారు.

"అచ్చుతప్పు అని వేద్దాం, గొడవ ఉండదు. ఇక్కడ సంతకం పెట్టు" అన్నారు డైరెక్టరుగారు.

"అచ్చువాళ్లు మీరిచ్చిందే కూర్చారు సార్. మీ బద్ధకం వాళ్ల నెత్తిన రుద్దుతానంటే నేను పెట్టను."

పెట్టలేదు. దిద్దుబాటు ఏడేళ్లుగా ఆ బీరువాలోనే ఉంది. ఈలోగా పట్టిక రెండుసార్లు అచ్చయింది. అబద్ధమని తెలిసిన ఆ మాటనే కంపోజిటర్ చేతులు రెండుసార్లూ కూర్చవలసివచ్చింది.

మొన్న డైరెక్టరుగారు అతడిని పిలిచి, సంచికలో అక్కగారి సహనాన్ని గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. అది సహనం కాదు. సహనం మనం చూపించాం, ఆ బీరువా మీద.

అందుచేత ఈ సంచిక మధ్యలో ఒక చీటీ పెట్టబడింది. పట్టిక అక్షరాలతోనే, కొలత తప్పకుండా కూర్చినది. "సంయుక్త సంఖ్య" అనీ, రెండు కారణాంకాలూ, కనుగొన్నవారిగా ఇంటిపేరుతో సహా అక్కగారి పూర్తి పేరూ అందులో ఉన్నాయి. వెనక జిగురు పూసి ఉంది. దయచేసి తడి చేసి, 212వ పుటలో ఆ అబద్ధం మీద అతికించండి.

అక్కగారు కంటిచూపు తగ్గకుండా, చేతిపట్టు సడలకుండా, భర్తతో, పిల్లలతో నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. మధ్యాహ్నం అన్నం వేడిగా, తీరిగ్గా తినాలి. ఆ చీటీ ఊడకుండా చూసే పని అచ్చుగదిది.